కాపాడే నగరమే కూలినప్పుడు

2014 అక్టోబరు 12, ఆదివారం. ఉదయం పదకొండు గంటల ప్రాంతంలో జగదల్‌పూర్‌లోని మా ఇంటికి విశాఖ నుంచి చెల్లెలు ఫోన్ చేసింది. ‘అన్నయ్యా, హాల్లో కిటికీ అద్దాలు పోయాయి. తలుపుకు పరుపు అడ్డంపెట్టి ఇద్దరం పట్టుకుని నిలబడ్డాం’ అంది. గాలి హోరులో సగం మాటలు వినబడలేదు. ‘బాత్‌రూమ్‌లోకి వెళ్లి తలుపేసుకోండి’ అని నేను అంటుండగానే లైను తెగింది. ఆ తర్వాత రెండు రోజులకు పైగా ఆ ఇంటి నుంచి గానీ, ఆ వీధిలో నాకు తెలిసిన మరెవరి నుంచి గానీ ఒక్క కబురు లేదు.

అప్పటికి నేను సైన్యం నుంచి పదవీ విరమణ చేసి రెండేళ్లయింది. ఇంజనీర్స్ కోర్‌లో వంతెనలు వేయడం, దారులు తెరవడమే నా వృత్తి. అయినా ఆ రోజు మ్యాపు ముందేసుకుని కూర్చున్నానే తప్ప ఏం చేయాలో పాలుపోలేదు. జగదల్‌పూర్ నుంచి విశాఖకు గీత గీస్తే సుమారు రెండు వందల కిలోమీటర్లు. రోడ్డు మీద మూడు వందలు. బస్తర్‌లో స్థిరపడిన తెలుగువాళ్లకు విశాఖే పెద్దాసుపత్రి, పెళ్లి బట్టల బజారు, పిల్లలకు సముద్రం చూపించే చోటు. ఆ ఊరు ఫోన్ ఎత్తకపోవడం మాకు అనుభవంలో లేని సంగతి.

ఆ మధ్యాహ్నం పన్నెండుకూ ఒంటిగంటకూ మధ్య హుద్‌హుద్ కన్ను విశాఖ మీదుగా నేలకెక్కింది. వాతావరణ శాఖ లెక్క ప్రకారం గాలి వేగం గంటకు 170 నుంచి 180 కిలోమీటర్లు. సాయంత్రానికి తీవ్ర తుఫానుగా, అర్ధరాత్రికి మామూలు తుఫానుగా, తెల్లవారుజామున తీవ్ర వాయుగుండంగా బలం తగ్గుతూ దక్షిణ ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌ల మీదుగా మా వైపే వచ్చింది. మా ఇంటి రేకుల మీద రాత్రంతా వాన. విశాఖను కొట్టినదే మా చూరు మీద కురుస్తోందని తెలిసి కూడా, అక్కడ ఏం జరిగిందో తెలియని రాత్రి అది. 14 సాయంత్రానికి అది తూర్పు ఉత్తరప్రదేశ్‌లో అల్పపీడనంగా మిగిలింది. అది మోసుకెళ్లిన తేమ నేపాల్‌లో మంచు తుఫానై, థొరాంగ్ లా కనుమతో సహా అన్నపూర్ణ పర్వత ప్రాంతంలో నలభై మందికి పైగా ప్రాణాలు తీసింది. అండమాన్ సముద్రంలో పుట్టినది హిమాలయం దాకా ప్రయాణించిందన్నమాట. అయినా మన ప్రణాళికల్లో తుఫాను అంటే ఇప్పటికీ కోస్తా జిల్లాల వ్యవహారమే.

విశాఖ మామూలు కోస్తా నగరం కాదు. తూర్పు నౌకాదళ కమాండ్ కేంద్రం అక్కడే ఉంది. 1971 డిసెంబరు 3-4 రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది ఆ రేవు ముందే. మన తొలి అణు జలాంతర్గామి అరిహంత్ తయారైందీ అక్కడే. దాని రియాక్టరు 2013 ఆగస్టులో పనిచేయడం మొదలుపెట్టింది. సముద్ర పరీక్షలకు బయలుదేరింది 2014 డిసెంబరులో. అంటే హుద్‌హుద్ వచ్చినది ఆ రెండు తేదీల మధ్య. నగర విమానాశ్రయం కూడా నౌకాదళానిదే. ఐఎన్ఎస్ డేగా రన్‌వేనే పౌర విమానాలూ వాడుకుంటాయి. ఉక్కు కర్మాగారం, చమురు శుద్ధి కర్మాగారం, రేవు, రక్షణ పరిశోధన సంస్థలు అన్నీ కొద్ది కిలోమీటర్ల పరిధిలో ఉన్నాయి. ఇన్ని కీలక స్థావరాలు ఒకేచోట ఉన్న నగరం తూర్పు తీరంలో మరొకటి చూపించడం కష్టం.

తుఫాను రాకను ఎవరూ పసిగట్టలేదని చెప్పడానికి వీల్లేదు. వాతావరణ శాఖ నాలుగు రోజుల ముందే విశాఖ పేరు, పన్నెండో తేదీ పేరు చెప్పింది. లక్షల మందిని లోతట్టుకు తరలించారు. జాతీయ విపత్తు స్పందన దళాలను ముందే దించారు. 1977 నవంబరులో దివిసీమలో ఉప్పెన ఒక్క రాత్రిలో పది వేల మందిని మింగింది. ఆ లెక్కతో చూస్తే హుద్‌హుద్‌లో మరణాలు పదుల్లోనే ఆగాయి. ఇది చిన్న విజయం కాదు, దాన్ని తక్కువ చేయను. అయితే తేడాకు ముందస్తు హెచ్చరిక ఒక్కటే కారణం కాదు. దివిసీమది నీటి దెబ్బ. హుద్‌హుద్‌ది ప్రధానంగా గాలి దెబ్బ. విశాఖ దగ్గర ఉప్పెన మీటరున్నర లోపే. నీరు మనుషుల్ని చంపుతుంది. గాలి మనుషుల్ని వదిలేసి వాళ్లు బతకడానికి ఆధారపడే ఏర్పాట్లను చంపుతుంది. మన ప్రణాళికలు మొదటి దానికి తయారయ్యాయి, రెండో దానికి కాదు.

గాలి దెబ్బ ఎలా ఉంటుందో కొంచెం వివరంగా చెప్పాలి. కన్నుకు ముందు ఈశాన్యం నుంచి గాలి కొడుతుంది. చెట్టు, స్తంభం, రేకు అన్నీ ఒక పక్కకు వంగుతాయి, వేళ్లు సగం వదులవుతాయి. తర్వాత కన్ను వస్తుంది. గాలి ఒక్కసారిగా తగ్గిపోతుంది. జనం అయిపోయిందనుకుని బయటికి వస్తారు. కాసేపటికి నైరుతి నుంచి, అంటే సరిగ్గా ఎదురు దిశ నుంచి మొదలవుతుంది. మొదటి దెబ్బకు వదులైనవి రెండో దెబ్బకు పడతాయి. శత్రువు ముందు నుంచి కొట్టి, మనం గాయాలు చూసుకుంటుండగా వెనక నుంచి కొట్టినట్టు.

స్తంభాలు పడితే కరెంటు పోతుంది. కరెంటు లేకపోతే నీళ్ల పంపులు నడవవు, పెట్రోలు బంకులో డీజిలు ఉన్నా తోడలేరు, ఏటీఎంలో డబ్బున్నా రాదు. సెల్ టవర్లు కొన్ని గంటలు బ్యాటరీ మీద, ఆ తర్వాత డీజిల్ మీద బతుకుతాయి. ఆ డీజిల్ తేవాల్సిన దారి మీద చెట్లు అడ్డంగా పడి ఉంటాయి. ఆ చెట్లు తీయమని చెప్పడానికి ఫోన్ లేదు. ఉక్కు కర్మాగారంలో ఉత్పత్తి ఆగిపోయింది. విమానాశ్రయం టెర్మినల్ పైకప్పు లేచిపోయింది. ఇరవై లక్షల జనాభా ఉన్న నగరం రాతియుగానికి పోలేదు గానీ, పాలప్యాకెట్ కోసం పొద్దున్నే బారులు తీరే రోజులకు మాత్రం పోయింది.

ఇక అసలు విషయం. మన దేశంలో పెద్ద విపత్తు ఏది వచ్చినా జిల్లా యంత్రాంగం చేతులెత్తేశాక పిలుపు వెళ్లేది సైన్యానికి. తీరంలో అయితే నౌకాదళానికి. పడవలు, ఈతగాళ్లు, హెలికాప్టర్లు, వైద్యులు, జనరేటర్లు అన్నీ వాళ్ల దగ్గర ఉంటాయి. విశాఖలో ఆ ఆదివారం ఆ ఆఖరి ఆసరా కూడా అదే తుఫాను కింద ఉంది. తుఫాను వస్తుంటే యుద్ధనౌకలు రేవులో ఉండవు. గట్టుకు కట్టి ఉంచిన ఓడను అల గట్టుకేసి బాదుతుంది కాబట్టి నడవగలిగినవి సముద్రంలోకి, తుఫాను దారికి దూరంగా వెళ్లిపోతాయి. సముద్రం కూడా అన్నిసార్లూ కాపాడదనుకోండి. 1944 డిసెంబరులో అమెరికన్ అడ్మిరల్ హాల్సీ నౌకాశ్రేణి ఫిలిప్పీన్స్ దగ్గర టైఫూన్‌లో చిక్కుకుని మూడు డెస్ట్రాయర్లను, దాదాపు ఎనిమిది వందల మంది నావికులను పోగొట్టుకుంది. ఓడలు వెళ్లిపోయాక ఒడ్డున మిగిలేవి గోడౌన్లు, వర్క్‌షాపులు, ఆసుపత్రి, క్వార్టర్లు, అందులో నావికుల భార్యాపిల్లలు. తన ఇంటి పైకప్పు ఏమైందో తెలియని మనిషే ఇంకొకరి ఇంటి ముందు చెట్టు నరకాల్సి వచ్చింది. వాళ్లు ఆ పని చేశారు. నౌకాదళం, సైన్యం కలిసి ‘ఆపరేషన్ లెహర్’ పేరుతో రంగంలోకి దిగాయి. 14న ప్రధాని విమానం దిగేవేళకు రన్‌వే సిద్ధంగా ఉంది. కూలిన టెర్మినల్ పక్కన రన్‌వేను రెండు రోజుల్లో నిలబెట్టడమంటే ఏమిటో ఆ పని చేసినవాళ్లకే తెలుస్తుంది.

అయినా ఆ సాహసాన్ని మెచ్చుకుని ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. మిలటరీ అకాడమీలో మొదటి ఏడాదే నేర్పే పాఠం ఒకటుంది. రిజర్వు దళాన్ని శత్రువు ఫిరంగి అందే దూరంలో ఉంచకూడదు. ముందు వరుస ఎంత గట్టిగా పోరాడినా, రిజర్వు కూడా అదే గుండు కింద పడితే ఆ కమాండర్‌ను శౌర్యం కాపాడదు. తుఫాను ఫిరంగి ఎంత దూరం అందుతుందో మనకు తెలుసు. దాని భీకర గాలులు కేంద్రం నుంచి కొన్ని పదుల కిలోమీటర్ల లోపలే ఉంటాయి, నేలకెక్కిన కొన్ని గంటల్లో బలం తగ్గుతుంది. అంటే విశాఖకు రిజర్వు తూర్పు కనుమలకు ఇవతల ఉండాలి. 2014లో అది అక్కడ లేదు. నేను చూశాను కాబట్టి చెబుతున్నాను.

14 తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరాను. జీపులో చిన్న జనరేటరు, మూడు క్యాన్ల డీజిలు, నీళ్లు, తెలిసిన సా మిల్లు యజమాని ఇచ్చిన పెట్రోలు రంపం. తోడుగా ఆ మిల్లులో పనిచేసే కుర్రాడు. కోట్‌పాడ్, బొరిగుమ్మ, జయపురం దాకా వాన తప్ప ఇబ్బంది లేదు. కొరాపుట్ దాటాక మొదలైంది. సునాబెడ దగ్గర రోడ్డు మీద పడిన చెట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టి కాసేపటికి మానేశాను. పొట్టంగి నుంచి సుంకి ఘాట్ దిగి సాలూరు చేరడానికే ఆరు గంటలు పట్టింది. ఘాట్‌లో ముందున్న లారీల వాళ్లు, చుట్టుపక్కల గూడేల మగవాళ్లు గొడ్డళ్లతో నరుకుతున్నారు. ఒక పెద్ద మానుకు గొడ్డలితో గంట పడితే మా రంపానికి పది నిమిషాలు. మేము వస్తున్నామంటే లారీ డ్రైవర్లు హారన్ కొట్టి దారి ఇవ్వడం మొదలుపెట్టారు. ఎదురుగా వస్తున్న ఒక ప్రభుత్వ వాహనంలోని అధికారి దిగి, ‘ఆ మిషన్ ఏ డిపార్ట్‌మెంట్‌ది?’ అని అడిగాడు. సా మిల్లుదని చెప్పాను. ఆయన కాసేపు రంపం వంకే చూసి, మరి అది తిరిగి ఎప్పుడొస్తుందని అడిగాడు.

ఇంజనీరుగా ఆ రోజు నన్ను ఎక్కువ కలవరపెట్టింది పడిన చెట్లు కాదు. మూడు వందల కిలోమీటర్ల దారి మీద పెట్రోలు రంపం మాదొక్కటే కావడం. కరెంటు తీగలకు, డీజిలు బండ్లకు, మంచినీళ్ల ట్యాంకర్లకు, అంబులెన్సులకు అన్నిటికీ ముందు నడవాల్సినది రంపం. వంద రంపాలు, వాటికి నూనె, గొలుసులు, నడిపే మనుషులు కనుమలకు ఇవతల ఒక షెడ్డులో ఉండి ఉంటే పన్నెండు అర్ధరాత్రికే బయలుదేరేవి. వీటి ఖరీదు ఒక క్షిపణి ధరలో రవ్వంత కూడా ఉండదు.

రాత్రి తొమ్మిదింటికి విశాఖలో దిగాను. చీకట్లో కనబడలేదు గానీ మర్నాడు తెల్లారి చూస్తే కైలాసగిరి కొండ పచ్చదనం పోయి, నిప్పు పెట్టినట్టు గోధుమరంగులో ఉంది. నిలబడిన చెట్లకు కూడా ఆకు లేదు. చెల్లెలు, బావగారు క్షేమం. తలుపు తీసి ‘నువ్వు రావద్దని చెబుదామంటే ఫోన్ పనిచేయలేదన్నయ్యా’ అంది. జనరేటరు పెట్టి మూడో అంతస్తు ట్యాంకుకు నీళ్లెక్కించాం. ఆ వీధిలో మిగతా పది ఇళ్లూ బకెట్లతో వచ్చాయి. ఆ ఏడు దీపావళి 23న వచ్చింది. వీధుల్లో ఎండిపోయిన కొమ్మల గుట్టలు అంటుకుంటాయని టపాసులు కాల్చవద్దని ప్రభుత్వమే కోరింది.

ఈ సమస్య మనకొక్కరికే కాదు. 1974 క్రిస్మస్ తెల్లవారుజామున ట్రేసీ తుఫాను ఆస్ట్రేలియా ఉత్తర కొసన ఉన్న డార్విన్ నగరాన్ని తుడిచిపెట్టింది. అక్కడి నౌకాదళ గస్తీ పడవల్లో ఒకటి మునిగింది, మరొకటి ఒడ్డుకు కొట్టుకొచ్చింది. స్థానిక స్థావరమే సాయం చేసే స్థితిలో లేదు. విమానవాహక నౌక మెల్‌బోర్న్ సిడ్నీ నుంచి బయలుదేరి చేరడానికి రోజులు పట్టింది. చివరికి నగరంలో సగానికి పైగా జనాన్ని, ముప్పై వేల మందికి మించి, బయటికి తరలించి ఊపిరి పీల్చుకున్నారు. 2018 అక్టోబరు 10న మైకేల్ హరికేన్ అమెరికాలోని టిండాల్ వైమానిక స్థావరాన్ని కొట్టినప్పుడు, ఎగరలేని స్థితిలో ఉన్న ఎఫ్-22 యుద్ధ విమానాలు హ్యాంగర్లలోనే ఉండిపోయి పైకప్పుల కింద దెబ్బతిన్నాయి. ప్రపంచంలో అత్యంత ఖరీదైన యుద్ధ విమానాల్లో ఒకటి. శత్రువు ఒక్క గుండు కూడా పేల్చలేదు.

మన దగ్గర మంచి ఉదాహరణ కూడా ఉంది. 2015 డిసెంబరులో చెన్నై విమానాశ్రయం వరదనీటిలో మునిగితే, ప్రయాణికుల విమానాలను అరక్కోణంలోని ఐఎన్ఎస్ రాజాలి నుంచి నడిపారు. సముద్రానికి అరవై కిలోమీటర్లకు పైగా లోపల ఉన్న నౌకాదళ స్థావరం అది. మునగని చోట ఉంది కాబట్టి మునిగిన చోటికి అక్కరకొచ్చింది. విశాఖకు అరక్కోణం ఏది? డేగా సముద్రానికి కూతవేటు దూరం. కొత్తగా కట్టిన భోగాపురం విమానాశ్రయమూ తీరంలోనే. దక్షిణాన రాజమహేంద్రవరం, కనుమల మీద జగదల్‌పూర్ మిగులుతాయి. జగదల్‌పూర్ రన్‌వే పొట్టిదే, అయినా ఇప్పుడు ఏటీఆర్ విమానాలు దిగుతున్నాయి. మావోయిస్టు వ్యతిరేక చర్యల కోసం వైమానిక దళ హెలికాప్టర్లు ఏళ్ల తరబడి ఇక్కడి నుంచే ఎగిరాయి.

ఇక్కడ ఒక అభ్యంతరం రావాలి, నేనే చెబుతాను. హుద్‌హుద్ నేలకెక్కాక వచ్చింది జగదల్‌పూర్ వైపే కదా, రిజర్వును తుఫాను దారిలోనే పెట్టమంటారా అని. నిజమే. మా దాకా వచ్చేసరికి గాలి తగ్గింది గానీ వాన తగ్గలేదు. ఘాట్ రోడ్డు, అరకు మీదుగా వెళ్లే రైలు మార్గం రెండూ కొండచరియలు విరిగిపడే చోట్లే. హెలికాప్టర్లు ఎగరడానికి మబ్బు వీడాలి. అందుకే ఒక డిపో చాలదు, రెండు కావాలి. ఒకటి రాజమహేంద్రవరం వైపు, రెండోది కొరాపుట్, జగదల్‌పూర్ వైపు. బంగాళాఖాతం తుఫానులు ఈ తీరాన్ని దాటాక చాలావరకు వాయవ్యానికో ఉత్తరానికో తిరుగుతాయి. అందుకే రెండు చోట్లూ ఒకేసారి మూతపడటం అరుదు. ఏది తెరవాలో నాలుగు రోజుల ముందే వాతావరణ శాఖ చెప్పగలదు.

ఈ లోతట్టు ప్రాంతానికి విశాఖ ఎంత అవసరమో గుర్తుచేస్తే మా వైపు అధికారులకు ఇది పొరుగు రాష్ట్రం గొడవగా అనిపించదు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు మీదుగా జపాన్‌కు పంపడానికే 1960లలో కొత్తవలస-కిరండుల్ రైలు మార్గం వేశారు. యాభైకి పైగా సొరంగాలు తవ్వి తూర్పు కనుమలను దాటించారు. ఆ దారి ఆగితే బైలదిల్లాలో తవ్విన ఖనిజం అక్కడే కుప్పలు పడుతుంది. నగర్నార్ ఉక్కు కర్మాగారం 2023లో మొదలయ్యాక ఈ బంధం ఇంకా బిగిసింది. సునాబెడలో హెచ్ఏఎల్ ఇంజన్ల కర్మాగారం ఉంది. ఒకప్పుడు మిగ్‌లకు, ఇప్పుడు సుఖోయ్‌లకు ఇంజన్లు తయారయ్యేది అక్కడే. కనుమల వెనుక భద్రంగా ఉందనుకునే ఆ కర్మాగారం ముందున్న రోడ్డు మీదే నేను చెట్లు కోసుకుంటూ వెళ్లాను. రైలు పట్టాలకు మావోయిస్టుల నుంచి కాపలా పెట్టాం, మంచిదే. తుఫాను తర్వాత వాటిని ఎన్ని గంటల్లో తెరుస్తామన్న లెక్క మాత్రం భద్రత పద్దులో రాయలేదు.

2014 తర్వాత కొంత జరిగింది. ప్రపంచ బ్యాంకు సాయంతో విశాఖలో కరెంటు తీగలను భూమిలోకి దించే పని చేపట్టారు. పదహారు నెలలు తిరక్కుండానే, 2016 ఫిబ్రవరిలో, అదే నగరం అంతర్జాతీయ నౌకా సమీక్షకు ఆతిథ్యం ఇచ్చింది. విదేశీ నౌకలు వరుసగా నిలబడిన ఆ తీరాన్ని చూసి నేనూ గర్వపడ్డాను. కానీ తీగలు భూమిలోకి వెళ్లడం నగరం లోపలి మరమ్మతు. బయటి నుంచి సాయం ఎంత వేగంగా అందుతుందన్నది వేరే ప్రశ్న. దాని గురించి ఒక కార్యాలయానికి నాలుగు పేజీల నోటు రాసి పంపాను. మా పరిధిలో సముద్ర తీరం లేదు కాబట్టి తుఫాను డిపో అవసరం లేదని రెండు వాక్యాల జవాబు వచ్చింది.

మావోయిస్టుల విషయంలో మూడు రాష్ట్రాల పోలీసులు సరిహద్దు దాటి సమాచారం ఇచ్చిపుచ్చుకోవడం కష్టపడి నేర్చుకున్నారు. ఎవరి ప్రాంతంలో ఎవరు ఎంతదూరం రావచ్చు, ఏ ఫ్రీక్వెన్సీలో మాట్లాడాలి అన్నవి ముందే తేల్చుకుంటారు. అదే పద్ధతిని తుఫానుకు వర్తింపజేయడానికి కొత్త చట్టం అక్కర్లేదు. బస్తర్, కొరాపుట్, విజయనగరం, విశాఖ జిల్లాల మధ్య ఒక కాగితం చాలు. ఘాట్ రోడ్డు ఎవరు ఏ కిలోమీటరు రాయి నుంచి ఏ రాయి దాకా తెరవాలి, హెచ్ఎఫ్ రేడియో సెట్లు ఎక్కడ ఉండాలి, డీజిలు ట్యాంకర్లు ఏ బంకు దగ్గర ఆగాలి అన్నది అందులో ఉంటే సరిపోతుంది. హెచ్ఎఫ్ సెట్టును ప్రత్యేకంగా ఎందుకు చెబుతున్నానంటే, దానికి టవర్ అక్కర్లేదు. ఒక తీగ, ఒక బ్యాటరీ ఉంటే ఆకాశంలోని అయనోస్ఫియర్ పొరకు తగిలి తిరిగి వచ్చే తరంగాలతో కనుమలకు ఇవతలివాళ్లు అవతలివాళ్లతో మాట్లాడవచ్చు. నా సర్వీసులో కొండల మధ్య మమ్మల్ని నిలబెట్టింది అదే.

వచ్చే అక్టోబరుకు ముందు ఒక్క రోజు పరీక్ష పెట్టమని నా మనవి. మొబైళ్లన్నీ ఆపేసి, జగదల్‌పూర్ నుంచి పది లారీలు, ఇరవై రంపాలు, నాలుగు జనరేటర్లు బయలుదేరాలి. దారిలో కావాలని యాభై చోట్ల దుంగలు అడ్డం వేయాలి. రేడియో మీద మాట్లాడుకుంటూ సాలూరు దిగి, విశాఖ కలెక్టరేట్ ముందు ఆగి, ఎన్ని గంటలు పట్టిందో రాసిపెట్టుకోవాలి. మామూలు రోజుల్లో ఆ ప్రయాణం ఏడు గంటలు. 2014లో ఒక రంపంతో నాకు పట్టింది పదిహేడు.